కుంగుబాటు – దాని గుర్తులు, దాని చికిత్స

ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ముప్పయి ఎనిమిదేళ్ళ స్త్రీ వచ్చిందనుకొందాం. తలపోటు, నడుమునొప్పి, గుండెదడ, కాళ్ళు పీకడం, అన్నం సయించకపోవడం – ఇవీ ఆమె చెప్పే బాధలు. పది నెలలుగా ఇదే వరస. ఈలోగా ఊళ్ళోని ఆర్.ఎం.పి. డాక్టరు బలానికని సూదులు వేశాడు; రెండు మూడుసార్లు సెలైను ఎక్కించాడు. పట్నం తీసుకొనివెళ్ళి రక్తపరీక్ష, స్కానింగు చేయించారు. అత్తగారు దిష్టి తీయించింది. మెడలో తాయెత్తు కూడా ఉన్నది. కాగితాలన్నీ తిరగవేసి చూస్తే ఎక్కడా లోపం కనబడదు. "నీకు జబ్బేమీ లేదమ్మా" అని ఇంతవరకు చూసినవారందరూ చెప్పారు. ఆ మాట విన్నకొద్దీ ఆమె మరింత డీలాపడింది. జబ్బు లేదంటే తాను నటిస్తున్నట్లే గదా అని ఆమె బాధ.

ఈసారి డాక్టరు కాగితాలు పక్కన పెట్టి రెండే ప్రశ్నలు అడిగాడు. "ఈ రెండు వారాలుగా మనసుకు దిగులుగా, ఏమీ తోచకుండా ఉంటున్నదా అమ్మా? మునుపు ఇష్టంగా చేసే పనులమీద ఇప్పుడు ఆసక్తి ఉంటున్నదా?" ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత తల వంచుకొని, "దేనిమీదా మనసు పోవడం లేదండీ. మా పాప బడినుంచి వచ్చి మెడ పట్టుకొని వేలాడినా నాకేమీ అనిపించడం లేదు" అన్నది.

పది నెలలపాటు ఎవరికీ అందని జబ్బు ఆ ఒక్క మాటతో బయటపడింది. వైద్యులు దీనిని డిప్రెషన్ అంటారు. తెలుగులో కుంగుబాటు అనే పేరు వాడుకలోకి వచ్చింది. ఇటువంటి స్త్రీలు, పురుషులు ప్రతి ఆరోగ్య కేంద్రానికీ వస్తూనే ఉంటారు. 2015-16 సంవత్సరాలలో బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ ఆధ్వర్యాన 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పెద్దవాళ్ళలో సుమారు ఇరవైమందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనైనట్లు అందులో తేలింది. జబ్బు ఉన్నవారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని కూడా తేలింది. అందకపోవడానికి ఆసుపత్రుల కొరత ఒక కారణం. అంతకంటె ముందు, అది జబ్బు అని రోగికీ తెలియదు, ఇంటివారికీ తెలియదు; చాలాసార్లు చూసిన వైద్యునికీ తట్టదు.

మన భాషలో మాటలకు కొదవ లేదు. దిగులు, బెంగ, గుబులు, చింత అంటాం. తెలంగాణంలో రంది, మనాది అంటారు. మనోవ్యాధి అనే మాటే జనం నోట అరిగి మనాది అయింది. అంటే ఇది వ్యాధి అనే ఎరుక ఆ మాటలోనే ఉన్నది. అయినా వైద్యుని ముందు కూర్చున్నప్పుడు ఈ మాటలు నోట రావు. తలపోటు చెప్పుకోవచ్చు, బెంగ చెప్పుకొంటే నవ్వుతారనే భయం. పైగా శరీరబాధలు కల్పితాలు కావు. కుంగుబాటు ఉన్నవానికి నొప్పి నిజంగానే ఎక్కువగా తెలుస్తుంది, నిద్ర నిజంగానే చెడుతుంది. మనసు వేరు, ఒళ్ళు వేరు అన్న విభజన పుస్తకాలలో ఉన్నంత స్పష్టంగా మనిషిలో లేదు.

మరి దిగులు పడ్డవారంతా రోగులేనా? కాదు. అప్పు తీరక, పంట పోయి, పరీక్ష తప్పి, అయినవారు చనిపోయి మనిషి దుఃఖించడం సహజం. ఆ దుఃఖం సాధారణంగా అలలు అలలుగా వస్తుంది. పోయినవారు గుర్తుకు రాగానే పొంగుతుంది. నడుమ నడుమ చుట్టాలు వచ్చి ఏదో పాత సంగతి చెపితే చిన్న నవ్వు కూడా వస్తుంది. కుంగుబాటులో అలలుండవు. రోజులో అధికభాగం, దాదాపు ప్రతిరోజూ, కనీసం రెండు వారాలపాటు ఒకేరకమైన మబ్బు కమ్మి ఉంటుంది. పనిపాటలకు, సంసారానికి అది అడ్డువస్తుంది. కారణం ఏదైనా ఉండవచ్చు, ఏమీ లేకపోనూవచ్చు. "అన్నీ ఉన్నవి, ఇతనికేం లోటు?" అని చుట్టుపక్కలవారు ఆశ్చర్యపడేది ఈ చోటనే.

వైద్యులు లెక్కలోకి తీసికొనే లక్షణాలు తొమ్మిది. వాటిలో ముఖ్యమైనవి మొదటి రెండు: ఎడతెగని దిగులు, దేనిలోనూ సంతోషం లేకపోవడం. ఈ రెండింటిలో ఒకటి తప్పక ఉండి, మిగిలినవాటితో కలిపి మొత్తం అయిదు ఉన్నప్పుడు దానిని కుంగుబాటుగా నిర్ణయిస్తారు. వీటిలో రెండవది చాలామందికి తెలియనిది. కుంగుబాటు అంటే ఏడుపు అనుకొంటారు. ఏడవలేకపోతున్నామని చెప్పే రోగులు ఎందరో ఉన్నారు. ఇష్టమైన కూర మట్టిలాగా ఉంటుంది. పాట వినబడుతుంది గాని తాకదు. బిడ్డ మీద ప్రేమ పోయిందేమోనని తల్లి హడలిపోతుంది. పోయింది ప్రేమ కాదు. ఆనందాన్ని అనుభవించే శక్తి తాత్కాలికంగా మూతపడింది.

నిద్ర సంగతి కూడా ప్రత్యేకంగా చూడవలసిందే. కొందరికి నిద్ర పట్టదు, కొందరు పగలూ రాత్రీ పడుకొనే ఉంటారు. తీవ్రమైన కుంగుబాటులో తరచుగా కనబడేది మరొకటి. రాత్రి ఎట్లాగో నిద్ర పడుతుంది, తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వస్తుంది. ఇక కన్ను మూతపడదు. చీకటిలో కూర్చుని ఉన్న ఆ సమయమే రోజంతటిలోకి భారమైనది. సాయంకాలానికి కాస్త తేలికపడుతుంది. ఇంటికి వచ్చిన చుట్టం సాయంత్రం చూసి "బాగానే ఉన్నాడుగదా" అని వెళ్ళిపోతాడు.

ఆకలి తగ్గడం లేక మితిమీరడం, అలసట, మాట నడక మందగించడం లేక కాలు నిలవని ఆదుర్దా, ఏకాగ్రత లోపించడం – ఇవి మరికొన్ని. దుకాణంలో చిల్లర లెక్క తప్పుతుంది. చదివిన పేజీయే మళ్ళీ చదువుతారు. ఎనిమిదవది అపరాధభావం. ఎప్పుడో పదేళ్ళనాడు జరిగిన చిన్న పొరపాటును తవ్వి తీసి, "నా మూలంగానే ఈ ఇల్లు ఇట్లా అయింది" అనుకొంటారు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఆరన్ బెక్ అనే వైద్యుడు 1960 తరువాతి సంవత్సరాలలో ఈ ఆలోచనల తీరును పరిశీలించాడు. నేను పనికిరాను, లోకం నాకు అడ్డం, రేపు ఇంతకంటె అధ్వాన్నం – ఈ మూడు తలపులు రోగి మనసులో తమంతట తామే తిరుగుతుంటాయని గమనించి, వాటిని ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టే సంభాషణ చికిత్సను రూపొందించాడు. తొమ్మిదవ లక్షణం చావును గురించిన ఆలోచన. దానిని గురించి ముందు చెప్పుకోవలసి ఉన్నది.

ఈ తొమ్మిదింటిని ప్రశ్నలుగా మార్చిన ఒక పట్టిక నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. ఒక్కొక్క ప్రశ్నకు సున్న నుంచి మూడు వరకు అంకెలు, మొత్తం 27. పది గాని అంతకుమించి గాని వస్తే వైద్యుడు శ్రద్ధగా పరీక్షించాలి. జ్వరమానిలో అంకె చూసి జ్వరం ఉన్నదనవచ్చు, ఏ జ్వరమో చెప్పలేము. ఈ పట్టిక కూడా అంతే. థైరాయిడ్ గ్రంథి మందగించినా, రక్తం తగ్గినా, కొన్ని మందుల వల్ల కూడా ఇవే బాధలు రావచ్చు. వాటిని ముందుగా చూసుకోవాలి. ఎప్పుడైనా కారణం లేని ఉత్సాహం, నిద్ర అక్కరలేని హుషారు, అడ్డూ ఆపూ లేని ఖర్చు కొన్నాళ్ళపాటు ఉన్నవా అని కూడా అడగాలి. ఉంటే అది వేరే జబ్బు. దాని మందులు వేరు.

అందరిలోనూ ముఖం ఒకటే కాదు. మగవారిలో కుంగుబాటు చాలాసార్లు కోపంగా, తాగుడుగా బయటపడుతుంది. పదిహేనేళ్ళ పిల్లవాడు దిగులుగా ఉన్నాడనిపించడు, చిరచిరలాడుతున్నాడనిపిస్తుంది. ముసలివారిలో మతిమరుపులాగా కనిపించి ఇంటివారిని తప్పుదారి పట్టిస్తుంది. ప్రసవమైన మొదటి రోజులలో బాలింతలకు ఊరికే కన్నీళ్ళు రావడం మామూలే, కొద్దిరోజులకు తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం పురుటి గదిలోకే వైద్య సహాయం రావాలి.

ఎందుకు వస్తుందనే ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం లేదు. కవలలపై జరిగిన పరిశీలనలను బట్టి వంశపారంపర్యం పాలు సుమారు మూడింట ఒక వంతు ఉంటుందని అంచనా. పేదరికం, చిన్ననాటి హింస, దీర్ఘరోగాలు, ఒంటరితనం మిగిలిన పాలు పంచుకొంటాయి. మెదడులో ఏమి జరుగుతున్నదనే విషయంలో మొదటి ఆధారాలు అనుకోకుండా దొరికాయి. 1952లో న్యూయార్కులోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియజిడ్ అనే కొత్త మందు ఇచ్చారు. రోగులు హుషారుగా తిరగడం, ఆకలితో తినడం, కబుర్లాడడం మొదలుపెట్టారు. ఊపిరితిత్తులకోసం ఇచ్చిన మందు మనసును లేవదీసింది! మరి కొద్ది సంవత్సరాలకు స్విట్జర్లాండులో రోలండ్ కూన్ అనే వైద్యుడు ఇమిప్రమిన్ అనే పదార్థాన్ని మరొక మానసిక రోగానికని వాడి చూశాడు. ఆ రోగానికి అది పనిచేయలేదు; కుంగుబాటుకు పనిచేసింది. 1957లో ఆయన దీనిని ప్రకటించాడు.

ఈ మందులు నాడీకణాల మధ్య సందులలో సెరటోనిన్, నారడ్రినలిన్ వంటి రసాయనాలను ఎక్కువసేపు నిలుపుతాయని తరువాత కనుగొన్నారు. దానినిబట్టి "సెరటోనిన్ తగ్గితే కుంగుబాటు" అనే సులభమైన వివరణ లోకంలో పాకింది. ఇది అంత సరి కాదు. మందు మింగిన కొద్ది గంటలలోనే రసాయనం మోతాదు మారుతుంది. రోగికి మాత్రం స్పష్టమైన గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. తక్కువైనదానిని పూడ్చడమే అయితే ఇంత ఆలస్యం ఎందుకు? నాడీకణాల మధ్య సంబంధాలు నెమ్మదిగా మారవలసి ఉన్నదని శాస్త్రజ్ఞుల ఊహ. వివరణ అసంపూర్ణమైనంత మాత్రాన మందు పనిచేయకపోదు.

ఇక కోలుకోవడం. ఇంటికి వచ్చినవారు మొదట చెప్పే మాట "ధైర్యం తెచ్చుకో" అని. ఈ సలహాలో దురుద్దేశం లేదు. అయితే విరిగిన కాలితో ఉన్నవానిని లేచి నడిస్తే కాలు అతుకుతుందన్నట్లుంటుంది అది. ధైర్యం తెచ్చుకొనే శక్తినే ఈ జబ్బు ముందుగా తీసివేస్తుంది. ఆ సలహా పాటించలేకపోయిన రోగి తన అపరాధాల చిట్టాలో మరొకటి చేర్చుకొంటాడు.

అయితే పని, మనసుల సంబంధాన్ని మరొక వైపునుంచి పట్టుకోవచ్చునని మానసిక శాస్త్రం చెపుతున్నది. కుంగిన మనిషి ఏమనుకొంటాడు? "మనసు కుదిరాక చేద్దాం" అనుకొంటాడు. మనసు కుదరదు, పని ఆగుతుంది. పని ఆగినందువల్ల నలుగురు కలవడం, పొగడడం, ఏదో సాధించానన్న తృప్తి – ఏవీ దొరకవు. వాటి లేమి మనసును ఇంకా కుంగదీస్తుంది. బావిలో బొక్కెన తాడు తెగి దిగిపోయినట్లు రోజు రోజుకు కిందికి. ఈ వలయాన్ని మనసు వైపునుంచి తెంచడం కష్టం, పని వైపునుంచి కొంత సులభం. మనసు ఎట్లా ఉన్నా సరే, ముందుగా నిర్ణయించుకొన్న చిన్న పనిని నిర్ణయించుకొన్న వేళకు చేయడం, తరువాత మనసు ఎట్లా ఉన్నదో గమనించడం – చికిత్సంతా దీనిమీదనే నడుస్తుంది. 1996లో నీల్ జేకబ్సన్, ఆయన సహచరులు అమెరికాలో 150 మంది రోగులపై జరిపిన పరిశోధనలో, ఆలోచనలను సవరించే పెద్ద చికిత్సకు తీసిపోకుండా ఈ చిన్న భాగం ఒక్కటే పనిచేసింది.

పని ఎంత చిన్నదో తెలిస్తే నవ్వు వస్తుంది. ముందు చెప్పిన స్త్రీకి మొదటి వారం ఇచ్చినవి రెండే: పొద్దున ఆరింటికి మంచం దిగి వాకిట్లో కల్లాపి చల్లడం, సాయంత్రం పది నిమిషాలు వీధి చివరివరకు నడిచి రావడం. ముగ్గు అక్కరలేదు. ఇల్లంతా సర్దనక్కరలేదు. సంతోషం కలగాలన్న నియమం అసలే లేదు. చేసిందా లేదా అని కాలెండరుపై గీత గీయాలి, అంతే. మూడురోజులు గీత పడలేదు. నాలుగో రోజు పడింది. పడని రోజుకు మందలింపు లేదు, ఏది అడ్డం వచ్చిందని మాత్రం అడుగుతారు. తరువాతి వారం పక్కింటి వదినతో కలిసి కూరగాయల బజారుకు వెళ్ళడం చేర్చారు. "రానంటే రాననే అంటావు, నేను వచ్చి తలుపు కొడతాను వదినా" అని పొరుగామె అన్నది. ఆ మాట సగం మందు.

దీనికి గొప్ప నిపుణులే కావాలా? గోవాలో విక్రం పటేల్, సంగత్ సంస్థవారు ఈ ప్రశ్ననే పరీక్షించారు. మానసిక వైద్యంలో చదువు లేని స్థానికులకు కొద్ది వారాల శిక్షణ ఇచ్చి, పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో కూర్చోబెట్టారు. తీవ్రమైన కుంగుబాటు ఉన్న 495 మందిని చీటీలు వేసినట్లు రెండుగా విడదీశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండవ జట్టుకు దానితోపాటు ఆరు నుంచి ఎనిమిది సార్లు, ఒక్కొక్కసారి అరగంట పైచిలుకు సంభాషణ, పనుల పట్టిక. మూడు నెలల తరువాత మొదటి జట్టులో నూటికి 39 మంది, రెండవ జట్టులో 64 మంది జబ్బునుంచి బయటపడ్డారు. 2017లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఆఫ్రికాలోని జింబాబ్వే దేశంలో డిక్సన్ చిబాండా అనే వైద్యుడు ఇంకొక మార్గం తొక్కాడు. హరారే నగరంలో ఆసుపత్రి ఆవరణలోని చెట్టుకింద బెంచీలు వేయించి, వాటిపై శిక్షణ పొందిన నాయనమ్మలను, అమ్మమ్మలను కూర్చోబెట్టాడు. వారు జబ్బును డిప్రెషన్ అనరు. అక్కడి షోనా భాషలో కుఫుంగిసిసా అంటారు. ఆలోచన మితిమీరడం అని అర్థం. మన ఊళ్ళలో "ఊరికే ఆలోచిస్తున్నాడు" అనేదీ ఇదే. 2016లో ప్రచురితమైన పరీక్షలో ఈ బెంచీలు మామూలు వైద్యంకంటె ఎక్కువ ఫలితమిచ్చాయి.

జబ్బు తేలికగా ఉంటే ఈ సంభాషణ చికిత్స చాలవచ్చు. మధ్యరకం, తీవ్రమైనవాటికి మందులు కావాలి. రెండూ కలిస్తే మరీ మంచిది. మందుల విషయంలో మూడు చోట్ల మనవారు తప్పటడుగు వేస్తున్నారు. మొదటి వారంలో వికారం, కడుపులో తిప్పడం ఉంటుంది, గుణం ఇంకా రాదు; ఆ వారంలోనే చాలామంది మానివేస్తారు. రెండవది, గుణం రాగానే మానివేయడం. బాగయిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఆపడం డాక్టరు చెప్పినట్లు మెల్లమెల్లగా జరగాలి. మూడవది, ఇవి నిద్రమాత్రలనీ, అలవాటు పడతామనీ భయం. కుంగుబాటు మందులు నిద్రమాత్రల కోవకు చెందినవి కావు. ఏ మందుకూ లొంగని తీవ్రస్థితిలో విద్యుత్ చికిత్స ప్రాణం నిలుపుతుంది. సినిమాలలో చూపినట్లు మనిషిని కట్టివేసి చేసేది కాదది. మత్తు ఇవ్వకుండా చేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం నిషేధించింది.

తొమ్మిదవ లక్షణాన్ని గురించి ఇంటివారు తెలుసుకోవలసింది ముఖ్యంగా ఒకటి ఉన్నది. "చచ్చిపోవాలనిపిస్తున్నదా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందేమోనని జంకుతారు. అడగడంవల్ల ఆ ఆలోచన పుట్టదు. నెమ్మదిగా, మొగమాటం లేకుండా అడిగితే, ఒంటరిగా మోస్తున్న బరువును చెప్పుకొనే వీలు రోగికి కలుగుతుంది. అవునన్నప్పుడు వాదించకూడదు, ఒట్టు వేయించుకొని వదిలివేయకూడదు. ఒంటరిగా ఉంచకుండా ఆ రోజే వైద్యుని దగ్గరకు చేర్చాలి. ఆ ఆవేశం తరచుగా కొద్దిసేపటిలో దిగిపోయేది. అందువల్ల పురుగుమందులు ఇంట్లో ఉంచకపోవడం, మందుమాత్రలు మరొకరి చేతిలో ఉండడం నిజంగా ప్రాణాలు కాపాడే జాగ్రత్తలు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరుకు రాత్రింబగళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకొనిపోనివారు ఇప్పటికీ ఉన్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలేగాని శిక్షించరాదని 2017 చట్టం చెప్పింది.

చికిత్సకు ఎర్రగడ్డకో, విశాఖపట్నం మానసిక వైద్యశాలకో వెళ్ళవలసిందేనన్న భయం ఇంకా జనంలో ఉన్నది. ఎర్రగడ్డ పేరే తిట్టుగా మార్చుకొన్న ఘనత మనది. కుంగుబాటు ఉన్నవారిలో ఎక్కువమంది ఆసుపత్రిలో చేరవలసిన పనిలేదు. జిల్లా ఆసుపత్రులలోని మానసిక వైద్య విభాగాలలో చూపించుకొని, మందు తీసుకొని, సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

మొదట చెప్పిన స్త్రీకి ఆరో వారంలో ఆకలి వచ్చింది. నడుమునొప్పి పూర్తిగా పోలేదు. పాప బడినుంచి వచ్చి మెడ పట్టుకొన్నప్పుడు ఏమనిపించిందో ఆమె డాక్టరుకు ప్రత్యేకంగా చెప్పలేదు. "బరువెక్కిందండీ పిల్ల" అని మాత్రం అన్నది. ఒకసారి వచ్చిన కుంగుబాటు, సుమారు సగంమందిలో మళ్ళీ వస్తుంది. కాబట్టి మందు ఆపే ముందు డాక్టరు ఆమె భర్తను కూడా కూర్చోబెట్టి, మొన్నటి జబ్బు మొట్టమొదట ఎట్లా మొదలయిందో ఇద్దరినీ గుర్తు చేసుకోమన్నాడు. ఆమెకు గుర్తు లేదు. ఆయనకు ఉన్నది: తెల్లవారుజామున మూడింటికి వంటింట్లో లైటు వెలుగుతూ ఉండేదట. ఆ సంగతి కేసు కాగితం మీద రాసుకొన్నారు.